నత్తరాళ్ల చాచా

శుక్రవారం పొద్దున ఆయన పెద్ద కూతురు ఫోన్ చేసింది.

"అబ్బా పోయిండు అంకుల్. జుమ్మా నమాజ్ అయినంక తీస్కపోతరు. పేపర్ల రెండు లైన్లు వేయిస్తరా?"

ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన గొంతు. వేయిస్తానన్నాను. ఏం పని చేసేవాడని రాయాలమ్మా అని అడిగితే కాసేపు ఆలోచించింది.

"రాళ్లు కోసెటోడని రాయుండ్రి."

అట్లాగే రాసి పంపాను. మర్నాడు లోపలి పేజీలో మూడు లైన్లు వచ్చాయి, 'గ్రానైట్ కార్మికుడి మృతి' అన్న శీర్షికతో. డెస్కులో వాళ్లను తప్పు పట్టలేను. ఖమ్మంలో రాళ్లు కోయడమంటే గ్రానైటే. ఆయన బతికుండగానూ ఇదే తంతు. ఖిల్లా కింది సందులో ఆయన రేకుల షెడ్డుకు 'రాళ్లు కోయబడును' అని బోర్డు ఉండేది. వంటింటి గట్టుకు బండ కావాలంటూ జనం వచ్చేవాళ్లు. ఆయన వాళ్లను కూర్చోబెట్టి, చాయ్ చెప్పి, వేలెడంత గాజుపలక ఒకటి చేతికిచ్చేవాడు. దాని మీద తపాలాబిళ్లంత రాతిపొర అతికించి ఉండేది, వెలుతురు దాని గుండా దూసుకుపోయేంత పలుచగా.

"నా దగ్గర దొరికే బండ గిదే. కుక్కర్ పెడితే ఆగుతదో లేదో మీరే సూస్కోండ్రి."

మణుగూరు వైపు బొగ్గు కోసం బోర్లు వేసే క్యాంపుల్లో ఆయన చాలా ఏళ్లు పనిచేశాడు. బోరులోంచి తీసిన రాళ్లను శాస్త్రవేత్తలు మైక్రోస్కోపు కింద చూడడానికి వీలుగా పలుచటి పొరలుగా కోసి ఇవ్వడం ఆయన పని. రిటైరయ్యాక అదే పని ఇంటి దగ్గర పెట్టుకున్నాడు. ఎక్కడెక్కడి యూనివర్సిటీల నుంచో రాళ్లు పార్సిళ్లలో వచ్చేవి. "మా తాత తల్వార్లకు సాన పట్టిండు. మా అబ్బా మంగలి కత్తులకు పట్టిండు. నాకు రాళ్లు మిగిలినయి," అనేవాడు.

రాయి చేతికిస్తే ఆయన మొదట నాలుకకు అంటించేవాడు. తడిస్తేనే రాయి అసలు రంగు బయటపడుతుంది. నాలుకకు అతుక్కుంటే బంకమట్టి రాయి, గరుకుగా జారితే ఇసుకరాయి. చుట్టూ ఉన్నవాళ్లు మొహం చిట్లిస్తే ఊరుకునేవాడు కాదు. "మీరు పాన్ల సున్నం తింటలేరా? అది రాయి కాదా ఏంది?" రంజాన్ నెలలో మాత్రం పగటిపూట ఏ రాయీ ముట్టేవాడు కాదు. పార్సిల్ పట్టుకొచ్చినవాళ్లను గడప దగ్గరే ఆపేవాడు. "ఈ నెల రాళ్లు గూడ రోజా ఉన్నయి సార్. పండుగైనంక మాట్లాడ్తయి."

యంత్రం మీద కోయడం ఆయన పనిలో సగం కూడా కాదు. మిగతాదంతా చేత్తోనే. గాజుపలక మీద గరుకుపొడి చల్లి, నీళ్లు పోసి, రాయిని ఎనిమిది అంకె తీరుగా తిప్పుతూ అరగదీసేవాడు. గుండ్రంగా తిప్పితే ఒక పక్కే అరుగుతుందట. ఇరవై చుట్లకోసారి కడగడం, చూడడం, మళ్లీ ఇరవై. గరుకు తగ్గిందని చప్పుడు విని చెప్పేవాడు. అట్లా చేసేటప్పుడు ఎవరూ ఆయన భుజం మీదుగా తొంగిచూడకూడదు. "దూరం కూసోండ్రి. మీ నీడ పడితే నా చేయి వంగుతది."

సందులో పిల్లలు ఆయనకు పెట్టిన పేరు నత్తరాళ్ల చాచా. ఆ పేరంటే ఆయనకు మంట.

"నత్త ఏందిరా? నత్తది ఒక్కటే అర్ర. గిది బంగళా."

ఆ బంగళా ఒక నాటిలస్ గవ్వ. క్యాంపులో పనిచేసి బదిలీ అయిపోయిన ఒక ఆఫీసరు దక్షిణ సముద్రాల నుంచి తెప్పించి ఇచ్చాడట. ఆయన దాన్ని సరిగ్గా నట్టనడుమకు కోశాడు. చుట్టలు తిరుగుతూ వెడల్పవుతూ పోయే గూడు. దాన్నిండా గోడలు, గోడల నడుమ ముత్యం రంగు గదులు, ఆయన మాటల్లో అర్రలు. పోస్ట్‌మన్‌కు చూపించేవాడు, వంటింటి బండకొచ్చిన వాళ్లకు చూపించేవాడు, నాకైతే ఎన్నిసార్లు చూపించాడో లెక్క లేదు.

"జీవి గా ఆఖరి పెద్దర్రల్నే ఉంటది సార్. పెరిగినకొద్ది ముందటికి జరుగుతది, ఎనక గోడ కట్టుకుంటది. కట్టినప్పుడు గా అర్రనిండ నీళ్లే. గీ పోగు సూడుండ్రి, దారమంత గొట్టం, అన్ని గోడల నడిమికెల్లి పోతది. దీంతోని నీళ్లు తోడేస్తది. అర్ర ఖాళీ అయితే జీవి తేల్తది. కరెంటు బిల్లు లేని మోటరు."

నాటిలస్ ఇప్పటికీ లోతు సముద్రాల్లో బతికి ఉంది. దాని చుట్టాలు అమ్మోనైట్లు. పైకి చూస్తే అట్లాగే చుట్ట తిరిగి, గదులు గదులుగా ఉంటాయి గానీ, అవి ఏనాడో అంతరించిపోయాయి. అశ్వారావుపేట దాటి, పామాయిల్ తోటలు దాటి, ఆంధ్ర సరిహద్దులోకి పోతే అక్కడక్కడ తెల్లమట్టి గుంతలున్నాయి. కోట్ల ఏళ్ల కింద సముద్రం అక్కడిదాకా వచ్చి పోయింది. ఆ మట్టి పొరలు విప్పితే అమ్మోనైట్ల ముద్రలు దొరుకుతాయి. పై బరువుకు నలిగి, లారీ కింద పడ్డ అప్పడాల్లా ఉంటాయి. అంత నలిగిపోయాక కోసి చూడడానికి లోపల ఏమీ మిగలదు.

ఈ రెంటికీ తేడా ఎట్లా తెలుస్తుందని ఒకసారి అడిగాను. ఆయన గవ్వ ముక్క మీద గోరుతో గీసి చూపించాడు. "నాటిలస్‌ల పోగు గోడకు నడుమల ఉంటది. అమ్మోనైట్ల బయటి అంచుకు, పెంకును రాసుకుంట పోతది. గోడల వంపు గూడ ఉల్టా. నట్టనడుమకు కోస్తెనే ఇదంత కనబడ్తది. వెంట్రుక అటైనా ఇటైనా పోగు దొరకదు."

ఆయన మనిషి ఎట్లాంటివాడో నాకు తెలిసింది మాత్రం వేరే రోజున. భద్రాచలం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి తన తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. సాలగ్రామాలంటే హిమాలయాల్లో దొరికే అమ్మోనైట్ రాళ్లేనని ఎవరో చెప్పారట. తమ ఇంటి పూజలో ఉన్నది అసలుదో కాదో తేల్చమని అడగడానికి వచ్చాడు. తల్లికి అది ఇష్టం లేదని ఆమె మొహమే చెబుతోంది. చాచా చేతులు కడుక్కొచ్చి, ఆమె పరిచిన పట్టుగుడ్డ మీదే రాయిని చూశాడు. నాలుకకు తగిలించలేదు. చుట్టల వెంట చూపుడువేలు గాలిలోనే తిప్పాడు.

"ఎన్నేండ్ల సంది ఉందమ్మా ఇంట్ల?"

"నేను కాపురానికొచ్చినప్పటి నుంచి నాయనా. మా అత్తగారిచ్చింది."

"ఇది ఇంట్ల ఉండాల్సిన రాయేనమ్మా. తీస్కపోండ్రి. గీ దుమ్ముల పెట్టకుండ్రి."

ఆమె కళ్లు తుడుచుకుని రాయిని గుడ్డలో చుట్టుకుంది. కొడుకు ఏదో అడగబోతే నోరుమూయించి లేవదీసింది. వాళ్లు సందు మలుపు తిరిగాక, అసలుదేనా భాయ్ అని అడిగాను.

"అసలు దాంట్ల ఒక్కో చుట్ట ఎనకటిదాని కన్న వెడల్పు అయితది సార్. దీంట్ల అన్ని చుట్టలు ఒక్కతీరు. జిలేబీ చుట్టిన చేయి అది."

"మరి అట్లా చెప్పారేంది?"

"నేనేమన్న? ఇంట్ల ఉండాల్సిన రాయన్న. సముద్రంల ఉండె అనలే గద."

మంజుల ఆయన దగ్గరికి వచ్చిందీ ఆ రోజుల్లోనే. కారేపల్లి దగ్గర తండా పిల్ల. యూనివర్సిటీలో ఈ అమ్మోనైట్ల మీదే పరిశోధన చేసేది. బస్సులు మారి మారి తెల్లమట్టి గుంతలకు పోయేది. ఎండకు నల్లబడి, నెత్తికి తువ్వాల చుట్టుకుని తిరుగు ప్రయాణంలో షెడ్డుకు వచ్చేది. చాచా భార్య ఆమెకు అన్నం పెట్టనిదే కదలనిచ్చేది కాదు. ఆ అమ్మాయి తినేటప్పుడు చెప్పే ముచ్చట్లు వినడానికి నేనూ అప్పుడప్పుడు పోయేవాణ్ణి. ఆదివారం అనుబంధానికి రాద్దామని నా ఆశ.

"అమ్మోనైట్లు వేలకు వేలు పిల్లలు చేసేవంట సార్. ఆవగింజంత పిల్లలు. అవి నీళ్ల పైభాగంల తేలుకుంట పెరిగేవని అనుకుంటున్నరు. నాటిలస్ తక్కువ గుడ్లు పెడ్తది, పెద్దయి. పిల్ల బయటికొచ్చేసరికే రూపాయి బిళ్లంత ఉంటది. పైన సముద్రం పాడైనప్పుడు పైనున్న చిన్నయన్ని పోయినయి, లోతుల ఉన్నయి మిగిలినయి. ఒక లెక్క ప్రకారం అదీ కారణం."

"గంపెడు పిల్లలున్నోళ్లే పోయిండ్రన్నట్టు," అన్నాడు చాచా.

"మనకు నలుగురు బిడ్డలు. మనమే అమ్మోనైట్లం," అని లోపలి నుంచి ఆయన భార్య. ఆయన నవ్వబోయి దగ్గాడు. అప్పటికే దగ్గు ఉండేది.

పిల్ల ఎంత సైజులో పుట్టిందో తెలియాలంటే గూడు నట్టనడుమ ఉన్న మొట్టమొదటి గదిని కొలవాలి. జీవి పెద్దదైనా ఆ గది అక్కడే, చుట్టల నడుమ, అట్లాగే ఉండిపోతుంది. మంజులకు దొరికినవన్నీ నలిగిన ముద్రలే కాబట్టి వాటిలో ఆ గది లేదు. మూడేళ్లు తిరిగాక, పామాయిల్ తోటలో కాలువ తవ్వుతుంటే ఒక గుండ్రటి రాతిముద్ద బయటపడింది. లోపల నలగని గూడు. పైనంతా పెంకు, గట్టిపడ్డ మట్టి కప్పేసి ఉండడంతో అది ఏ రకమో తెలియదు. నున్నగా, ఉబ్బుగా ఉన్న వాలకం చూసి పాతకాలపు నాటిలస్ జాతే అనుకున్నారు. ఏదైనా సరే, ఆ నేలలో నలగకుండా ఆమెకు దొరికింది అదొక్కటే. ఫెలోషిప్ గడువు కొద్ది నెలల్లో అయిపోతుంది. ఈ రాయి తెగి మొదటి గది కనిపిస్తే ఒక అధ్యాయం అవుతుంది, లేకపోతే నీ దగ్గర ఉన్నది ఉత్త జాబితా అన్నాడట ఆమె గైడు. కోయకుండా స్కానింగ్‌లో చూడొచ్చేమో అని అడిగితే, వంతు రావడానికి గడువు దాటిపోతుందని తేలింది.

ఆ రాయిని ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చింది. నేను కెమెరాతో పోయాను. చాచా ముందు దాని పైరూపానికి అచ్చు తీసుకున్నాడు. మర్నాడు కోశాడు. నడుముకు కోయలేదు. అసలు నడుమంతా ఒక సగంలోనే మిగిలేట్టు, కొంచెం పక్కకు కోశాడు. ఆ మిగిలిన మందాన్ని చేత్తో అరగదీస్తూ నట్టనడుమకు చేరాలి. పోగు కనబడితే నట్టనడుమకు వచ్చినట్టు. అక్కడ ఆగాలి.

ఆయన గాజుపలక ముందు కూర్చున్నాడు. మంజుల గడప మీద, నేను సైకిల్ పక్కన. దగ్గరికి పోకూడదన్నది తెలిసిందే. గర్ గర్ అని చప్పుడు. కడిగాడు, చూశాడు.

"ఇంక రాలే బిడ్డా. నాటిలస్ కద, నడుమల పోగు కనబడాలె."

మళ్లీ ఇరవై చుట్లు. "ఇంక రాలే."

చూసేటప్పుడు రాయిని ఎదురుగా పట్టుకోకుండా తల పక్కకు వాల్చి కంటి కొసతో చూస్తున్నాడని నేను గమనించాను. అదీ ఆయన పద్ధతుల్లో ఒకటనుకున్నాను. "ఇంక రాలే" అని ఇంకో నాలుగుసార్లయినా అన్నాడు. చివరికి ఆయనే రాయిని ఆమె వైపు చాపాడు.

"పోగు కనబడ్తలేదేంది? నువ్వు సూడు."

మంజుల భూతద్దం పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"చాచా, ఇది నాటిలస్ కాదు. అమ్మోనైటు. పోగు అంచుకు ఉండె."

"అంచుకా?"

"ఆఁ. గోడల వంపు గూడ ఉల్టానే ఉంది."

"నడుమ?"

ఆమె భూతద్దం దించింది.

"ఎంత దాటిన?"

"కొంచెమే చాచా."

"కొంచెం అంటే ఎంత బిడ్డా?"

"వెంట్రుకంత."

ఆవగింజలో సగమైనా లేని ఆ మొదటి గది ఆ వెంట్రుకవాసిలోనే ఉంది. అది పొడై, పక్కన బేసిన్‌లో తెల్లటి నీళ్లలో కలిసిపోయింది. ఒక్క ఇరవై చుట్ల ముందు ఆగి ఉంటే ఉండేది. నడుమన పోగు కోసం చూస్తూ, అంచున వచ్చిన పోగును ఆయన చూడలేదు.

"సర్లే చాచా. బయటి చుట్టలు మంచిగనే వచ్చినయి. అయి రాస్త," అంది మంజుల. తువ్వాలలో రాయి చుట్టుకోబోయి, మళ్లీ ఆయన బల్ల మీదే పెట్టింది. "మీ దగ్గరుంచుండ్రి, మల్ల వస్త," అని అన్నం తినకుండానే పోయింది. నేను ఫొటోలేవీ తీయలేదు.

రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయన్న సంగతి ఆ తర్వాత బయటికొచ్చింది. ఆయనకు రెండేళ్ల నుంచీ తెలుసట. ఆపరేషన్ చేయించుకుంటే చూపు పోతుందేమోనని భయం. చెబితే రాళ్లు రావేమోనని ఇంకో భయం. రంగు, గరుకు, చప్పుడు పట్టుకుని నెట్టుకొచ్చాడు. ఈ రాయి తర్వాత కూతుళ్లు బలవంతంగా దవాఖానాకు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. చూపు బ్రహ్మాండంగా వచ్చింది. పార్సిళ్లు మాత్రం విప్పకుండానే తిప్పి పంపేశాడు. బోర్డు తీసేశాడు.

ఒక రోజు సాయంత్రం పోతే ఆ సగం రాయిని ఒళ్లో పెట్టుకుని భూతద్దంతో చూస్తున్నాడు.

"పోగు ఎంత సక్కగ ఉందో సూడుండ్రి సార్. గా అంచుకు. కోసినప్పుడు కనబడనిది గిప్పుడు అద్దం లేకున్న కనబడ్తుంది."

"చూపు బాగైంది కదా భాయ్."

"అవ్. గదే శిక్ష."

భూతద్దం పక్కన పెట్టాడు. "ఆ పిల్ల నన్ను ఏమన్నదా మీతోని?"

"ఏమీ అనలేదు."

"తిట్టినా మంచిగుండు."

మంజుల ఉన్నంతలో ఏదో రాసి ఇచ్చింది. అది సరిపోలేదు. ఫెలోషిప్ ఆగిపోయింది. మణుగూరు అవతల ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేరింది. ప్రతి రంజాన్‌కు ఫోన్ చేసేది. ఆయన భార్య మాట్లాడి, "ఇగో, పిల్ల" అని ఫోన్ చాపితే, ఆయన చెప్పులేసుకుని బయటికి నడిచేవాడు. ఒకసారి నేనక్కడే ఉన్నాను. ఫోన్ పెట్టేసిందని ఖాయం చేసుకునేదాకా వేపచెట్టు కింద నిలబడి, తర్వాత లోపలికొచ్చి, "మంచిగున్నదా అంట?" అని అడిగాడు.

చివరి ఏడాది ఆయాసం ఎక్కువైంది. అన్నేళ్ల రాతిదుమ్ము ఛాతీలో పేరుకుందన్నారు డాక్టర్లు. చివరిసారి చూసినప్పుడు మాట్లాడే ఓపిక కూడా లేదు ఆయనకు. దుప్పటి మీద కుడిచేయి మెల్లగా ఎనిమిది అంకె తిప్పుతూ ఉంది.

మూడో రోజున మంజుల వచ్చింది. నా మూడు లైన్లలో గ్రానైట్ కార్మికుడని చదివి గుర్తుపట్టలేదట. కూతురే ఫోన్ చేసి చెప్పింది. ఆ ఇంట్లో ఇంకా పొయ్యి వెలిగించలేదు. పక్కింటివాళ్లు పంపిన అన్నం గిన్నెలు మూతలతో వరుసగా ఉన్నాయి. ఆయన భార్య చాప మీద కూర్చుని ఉంది. మంజుల ఆమె పక్కన కూర్చుని, ఆమె చేయి తన చేతుల్లోకి తీసుకుని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా మొదలుపెట్టింది. నేను కుర్చీలో ఉన్నానన్న ధ్యాస కూడా లేదు.

"నాకు ముందే తెలుసు చాచీ. ఆయనకు కండ్లు కనబడ్తలేవని."

ఆమె తలెత్తింది.

"ఆ రోజు రాయి తీస్కుందామని చేయి చాపిండు. రాయి ఉన్నకాడికి కాదు, పక్కకు. నేనే రాయిని జరిపి ఆయన చేతుల పెట్టిన. ఏమైంది చాచా అని అడిగితే ఆయన ఇగ కోయకపోతుండె. నాకేమో గడువు. అడగలే. తప్పు నాది. ప్రతి పండుగకు గది చెప్దామనే ఫోన్ చేసిన. ఆయన మాట్లాడకపాయె."

ఆయన భార్య మంజుల చేతి మీద తన రెండో చేయి వేసింది.

"నువ్వు రాయి జరిపినవని ఆయనకు తెలుసు బిడ్డా," అంది. "నాతోని అన్నడు. 'నాకు కనబడదని తెలిసి గూడ గా పిల్ల నా చేతుల పెట్టింది. నన్ను గంత నమ్మింది. గా నమ్మకాన్ని పొడి చేసిన,' అని. గందుకే నీ ఎదురుంగ రాలేకపాయె."

మంజుల చేయి వదిలేసింది.

"నమ్మకం కాదు చాచీ అది. నాకు వేరే దిక్కు లేకుండె. అంతే."

ఆయన భార్య కొంగుతో మొహం తుడుచుకుంది.

"గీ మాటే ఆయనకు చెప్పాల్సి ఉండె బిడ్డా," అంది. "నిమ్మళంగ పోతుండె."